నిశ్చయం బోధించి సంశయంలో బతికిన ఓదెలు సార్

ఆచార్య ఓదెలు గారు ఇక లేరన్న వార్త నాకు ఆదిలాబాద్‌లో, కాలేజీలో పాఠం చెబుతుండగా తెలిసింది. ఫోన్ చేసింది సార్ భార్య స్వరూపక్క. "సులోచనా, మీ సార్ పోయిండే" అన్నది. అప్పుడు నా నోట వచ్చిన మాట తలచుకుంటే సిగ్గూ ఏడుపూ ఒక్కసారే వస్తాయి. "ఎవరు చెప్పిన్రక్కా? డాక్టర్ మంచిగ చూసిండా?" అని అడిగాను. అక్క కోపగించుకోలేదు. "నా చేతులల్లనే పోయిండు బిడ్డా. చాయ్ తాగుకుంట గుండె పట్టుకున్నడు. ఇంకెవ్వలు చెప్పాలె?" అన్నది. శోకంలో కూడా ప్రమాణం అడిగే ఈ పాడు అలవాటు నాకు అంటించింది ఆ పోయిన మనిషే. పిల్లలందరూ చూస్తుండగానే కుర్చీలో కూలబడి ఏడ్చాను.

ఈ నాలుగు మాటలు రాయడానికి భక్తి ఎంత కారణమో కోపమూ అంతే కారణం. కరీంనగర్‌లో జరిగిన సంతాప సభలో ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని, "ఓదెలు గారు నిశ్చయజ్ఞానానికి నిలువెత్తు రూపం, సంశయమన్నది ఆయన దరిదాపులకు కూడా రాలేదు" అని గొంతెత్తి పలికారు. జనం చప్పట్లు కొట్టారు. సంతాప సభలో చప్పట్లేమిటో నాకు అర్థం కాలేదు, లేచి వచ్చేశాను. అయ్యా, మీకు ఆయనతో ఉన్నది చాయ్ తాగేకాడి పరిచయం. ఆ మహానుభావుడు సగం జీవితం ఒకే ఒక సంశయాన్ని గుండెలో పెట్టుకుని తిరిగాడు, దానితోనే వెళ్లిపోయాడు. అది చెప్పకుండా దండ వేస్తే ఆ దండ ఆయనకు చెందదు. రాయమంటావా అని స్వరూపక్కను అడిగాను. "రాయి. ఇంట్ల దాసిపెట్టుకున్నది చాలు" అన్నది.

సార్‌ది మంథని దగ్గర ఒక పల్లె. తండ్రి మందమర్రి బొగ్గుబావిలో పనిచేసి, సార్ బడిలో ఉండగానే కాలం చేశారు. తల్లి రాజవ్వ ఉన్న కాస్త పొలంలో వరి పండించి ఇద్దరు కొడుకులను పెంచింది. పెద్దవాడు ఓదెలు, చిన్నవాడు సదయ్య. పెద్దవాడికి చదువు పట్టుబడింది. హైదరాబాద్‌లో విశ్వవిద్యాలయంలో చేరి తత్త్వశాస్త్రంలో పరిశోధనకు కూర్చున్నారు. ఆత్మ, పరమాత్మ అనే తత్త్వం కాదు ఆయనది. మాటను విప్పి, తర్కంతో తూచి చూసే విశ్లేషణ తత్త్వం. ఒక మనిషి ఎప్పుడు 'నాకు తెలుసు' అనవచ్చు, ఎప్పుడు 'అనుకుంటున్నాను' అని ఊరుకోవాలి, అనుమానం ఎక్కడ ఆగాలి అన్నవే ఆయన జన్మంతా విడువని ప్రశ్నలు. తర్వాత కరీంనగర్ వచ్చి మా వంటి వాళ్లకు పాఠాలు చెప్పారు.

ఎం.ఏ.లో మొదటి రోజు నన్ను లేపి, "నీ పేరేందమ్మా?" అన్నారు. చెప్పాను. "గది నీ పేరేనని నీకెట్ల తెలుసు?" అన్నారు. ఆదిలాబాద్ పత్తి మిల్లుల మధ్య పెరిగినదాన్ని, నోటికి అదుపు లేదు. "మా అవ్వ చెప్పింది సార్" అన్నాను. "మీ అవ్వకెవ్వలు చెప్పిన్రు?" "ఎవ్వలు చెప్పుడేంది సార్, ఆమెనే పెట్టింది!" క్లాసంతా నవ్వింది. సార్ నవ్వలేదు, ఎంతో సంబరపడ్డారు. "సూసిన్రా, మీ అవ్వ చెప్పిన మాట తప్పయ్యేటందుకు వీలే లేదు, ఎందుకంటే ఆమె చెప్పంగనే అది నిజమైంది. గిసుంటి గట్టి మాటలు లోకంల ఇంకేమన్న ఉన్నయా అని రెండేండ్లు ఎతుకుదాం. దొరకకపోతే నన్ను తిట్టొద్దు" అన్నారు. ఆ పూటే నేను ఆయన శిష్యురాలినైపోయాను.

మా జవాబు పత్రాల్లో 'తెలుసు' అన్న మాట కనిపిస్తే చాలు, ఎర్ర సిరాతో కింద గీత కొట్టి 'నిజంగానా?' అని పక్కన రాసేవారు. అటెండర్‌కూ ఆయనతో తిప్పలే. "ప్రిన్సిపాల్ సార్ అచ్చిండా?" "అచ్చిండు సార్." "సూసినవా?" "కారు సూసిన సార్." "అయితే కారచ్చింది అను." అటెండర్ మా దగ్గరికి వచ్చి, "మీ సార్‌తోని పరేషానుందమ్మా, గింత సదువు సదివినోనికి గీ కారు ఎవ్వలదో సమజ్ గాదా" అని తల కొట్టుకునేవాడు. ఆ మాట సార్‌కు చేరితే, "ఆయన అన్నది రైటే" అని ఒప్పుకునేవారు. తనను ఎగతాళి చేసిన మాటలో న్యాయం ఉంటే దాన్ని శిరసావహించే వినమ్రత అది. ఆ సౌజన్యాన్ని నేను మరొకరిలో చూడలేదు.

అన్నింటికంటే వింత ఆయన బస్సెక్కే తీరు. మంథని అని బోర్డు ఉన్న బస్సు ముందు నిలబడి డ్రైవర్‌ను అడిగేవారు, కండక్టర్‌ను అడిగేవారు, ఎక్కి కూర్చున్నాక పక్కనున్న ముసలమ్మను కూడా అడిగేవారు. ఒకసారి వెంట ఉన్న నేను ఉండబట్టలేక, "బోర్డు మీద రాసుంది గద సార్, నలుగురు నవ్వుతున్నరు" అన్నాను. "రాసుంది సులోచనా. రాసినోడు మార్చుడు మరిచిపోతే?" అన్నారు. గొంతులో పరిహాసం లేదు. చాదస్తం అనుకున్నాను నేను. మనిషి మీద ఏం పడి ఉందో తెలియనంత వరకు ఎవరి జాగ్రత్తయినా చాదస్తం లాగే ఉంటుంది కాబోలు.

క్లాసులో ఆయన తరచూ చెప్పే వాక్యం ఒకటుంది. "నమ్మకానికి ఆధారం అడుగుతరు అందరు. అనుమానానికి గూడ ఆధారం అడగాలె. ఊకెనే అనుమానపడుడు తెలివి కాదు." ఎంత దృఢమైన సూత్రం! ఏటేటా అదే పాఠం, అదే వాక్యం. కానీ అది చెప్పిన ప్రతిసారీ ఆయన మాట తెగిపోయేది. డస్టర్ తీసుకుని, ఏమీ రాయని బోర్డును తుడిచేవారు. మేము ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్లం.

తర్వాత నేను ఆయన దగ్గరే పరిశోధనకు చేరాను. ఇతరుల మాట మీద ఆధారపడి మనం తెలుసుకునేది జ్ఞానమవుతుందా కాదా అన్నది నా విషయం. మన పుట్టిన రోజు దగ్గర్నుంచి మనకు తెలిసినవన్నీ ఎవరో చెప్పినవే గనుక, వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన సాక్ష్యాలు ఒకే మాట చెబుతుంటే, కాదనడానికి కారణం లేకపోతే, దాన్ని జ్ఞానమనే అనాలని ఒక అధ్యాయం రాసి ఇచ్చాను. సార్ దాన్ని నెలల తరబడి తిరిగి ఇవ్వలేదు. అడిగితే "సూస్తున్న" అనేవారు. నాకు ఒళ్లు మండింది. ఒక రోజు, "సార్, బాగలేకుంటే బాగలేదని చెప్పుండ్రి, నేను ఊరికి పోయి మిల్లుల పత్తి ఏరుకుంట" అన్నాను. ఆయన నా వైపు చూసి, "రేపు పెత్రమాస. మా ఊరికి పోతున్న. నువ్వు గూడ రా" అన్నారు.

పెత్రమాస అంటే మా వైపు ఇంట్లో పోయినవారి పేరు మీద బియ్యమిచ్చే రోజు. రాజవ్వ చేటలో బియ్యం, పప్పు, చింతపండు, బీరకాయలు పెట్టుకుని కూర్చుంది. ఆ బియ్యం పుచ్చుకునే అయ్యగారు వచ్చి పోయినవారి పేర్లు అడిగాడు. అవ్వ భర్త పేరు చెప్పింది. "ఇంకెవ్వలన్న ఉన్నరా అవ్వా?" అని అడిగాడు అయ్యగారు. "లేరు" అన్నది. చేటను అయ్యగారి ముందుకు జరిపింది. పక్కన నిలబడి ఉన్న సార్ ముఖం ఒక్కసారి పాలిపోయింది. అద్దాలు తీసి, అంగీ అంచుతో తుడుచుకుంటూ పెరట్లోకి వెళ్లిపోయారు. సదయ్య చనిపోయాడని మాత్రమే అప్పటికి నాకు తెలుసు. తల్లి ఆ పేరు ఎందుకు ఎత్తలేదో తెలియదు.

ఆ మధ్యాహ్నం సార్ నన్ను ఊరి బయట తమ చెలకకు, మెట్ట చేనుకు తీసుకుపోయారు. ఒక వైపు తండ్రి సమాధి, శుభ్రంగా అలికి ముగ్గు పెట్టి ఉంది. ఇంకో వైపు, దూరంగా, గడ్డి మొలిచిన మరో సమాధి. దాని పక్కన కూర్చుని గడ్డి పీకుతూ ఆయన చెప్పిన సంగతి ఇది.

సదయ్య దుబాయ్ పోయాడు, మా దిక్కు ఎందరో పోయినట్టే. అక్కడ పనివాళ్లు ఉండే క్యాంపులో మంటలు లేచాయి. కొంత కాలానికి చెక్కపెట్టె ఊరికి వచ్చింది. మూత మీద సదయ్య పేరు, ముద్రలు, వెంట కాగితాలు. తోడు వచ్చిన మనిషి, "ముఖం సూసేతట్టు లేదు, తెరవకుండ్రి" అన్నాడు. రాజవ్వ పెట్టె మీద పడి, "ఒక్కపారి తెరువుండ్రి, నేను కన్న, నాకెరుకైతది" అని మొత్తుకుంది. ఊరు మొత్తం పెద్ద చదువు చదువుతున్న ఓదెలు వైపు చూసింది. అప్పుడాయన చేస్తున్న పరిశోధన సరిగ్గా దాని మీదే: అనుమానానికి కూడా ఆధారం ఉండాలి.

"నేను అవ్వతోని వాదం పెట్టుకున్న సులోచనా" అన్నారు సార్. "కాయితాలున్నయి, ముద్రలున్నయి, మనిషచ్చి చెప్తున్నడు, కాదనేటందుకు నీ తాన ఏమున్నదే అవ్వా అన్న. కాలిపోయిన ముఖం సూస్తే కొత్తగ తెలిసేదేం లేదు, కండ్లల్ల నిలిసిపోతది గంతే అన్న. నేనన్నదాంట్ల తప్పుందా? సెప్పు, నీ అధ్యాయంల గూడ గదే రాసినవు."

నేను తప్పు లేదన్నాను.

"లేదు. అవ్వకు జవాబు దొరకలే. వాదంల గెలిచిన. తెరవకుంటనే మట్టి చేసినం. ఆనాటి సంది అవ్వ దీని గురించి నాతోని ఒక్క మాట అనలే. తిట్టలే, ఏడ్వలే. గీ మట్టి కాడికి మాత్రం ఎన్నడు రాలే. ఏటా పెత్రమాసకు వస్త. ఆని పేరు చెప్తదేమోనని నిలబడుత. చెప్పది."

కొన్నేళ్లకు, ఇదే విధంగా వచ్చిన పెట్టెలు తారుమారై ఒకరి బిడ్డ ఇంకొకరి ఊరికి చేరిన ఉదంతం ఒకటి సార్ చెవిన పడింది. ఒక్క పూటలో ఆయన కట్టుకున్న తర్కసౌధం పునాదితో సహా కదిలిపోయింది. అంతవరకు లేని ఆధారం ఇప్పుడు అనుమానానికి దొరికింది. పెట్టె తెరిచి ఉంటే కనీసం ఒంటి పొడవైనా, చేతి వేలైనా తల్లి గుర్తుపట్టేదేమో. తల్లి చూపును ప్రమాణంగా లెక్కించడానికి ఆనాటి తన తర్కంలో చోటే లేదని ఆయన నిట్టూర్చారు.

"మరి ఇప్పుడు తొవ్వి పరీక్ష చేపియ్యొచ్చు గద సార్?" అన్నాను. నాది ఎప్పుడూ తొందర బుద్ధి.

"చేపియ్యొచ్చు. సదయ్యనే అని తేలితే, అవ్వ గిన్నేండ్లు పెట్టుకున్న ఆశను నేను సంపినట్టు. కాదని తేలితే, మరి నా సదయ్య ఏడున్నడని అవ్వ అడుగుతది. నేనేం చెప్పాలె? ఆనాడు అనుమానపడితే ఎతికేటోళ్లం. నేనే ఎతకనియ్యలే." గడ్డి పీకే చెయ్యి ఆగిపోయింది. "నాకు నమ్మకం పోయిందని అవ్వకు చెప్పలే. గా ధైర్యం నాకు లేదు. నువ్వు గూడ ఎవ్వలకు చెప్పకు. నీ అధ్యాయం తప్పు కాదు బిడ్డా. తప్పు కాకపోవట్టే నేను సదవలేకపోయిన."

ఆయన సిద్ధాంత గ్రంథాన్ని ఎందుకు అచ్చు వేయలేదో నాకు అప్పుడు తెలిసింది. బద్ధకమన్నారు కొందరు, అహంకారమన్నారు ఇంకొందరు. పుస్తకం లేక పదోన్నతి ఆగిపోయినా ఆయన పెదవి విప్పలేదు. ఒక వాదం తర్కానికి నిలిచి, తల్లి ముందు నిలవకపోతే దాన్ని ఏం చేయాలో తెలియక అలాగే ఉంచేశారు. ఆ మేధస్సు, ఆ నిజాయితీ ఒకే మనిషిలో ఉండడం వల్ల ఆయనకు దక్కింది సుఖం మాత్రం కాదు.

ఇక ఆఖరి ప్రయాణం సంగతి. నేను ఆదిలాబాద్ నుంచి ఆ పల్లెకు చేరేసరికి సార్‌ను ఇంటి ముందు పడుకోబెట్టారు. రాజవ్వ కొడుకు తల దగ్గర కూర్చుని రెండు చేతులతో ముఖం తడుముతోంది. నొసలు, చెవులు, గడ్డం, మళ్లీ నొసలు. ఎవరూ ఆమెను లేపే సాహసం చేయలేదు. కొంతసేపటికి సార్ మేనమామ వంగి, "అక్కా, జాగ సూసి తొవ్వాలె. బావ పక్కన తొవ్వమంటవా?" అని అడిగాడు.

"వద్దు. గా తమ్మునిదని మట్టి కట్టిండు గద, ఆడ తొవ్వుండ్రి" అన్నది రాజవ్వ.

మేనమామ బిత్తరపోయాడు. "గది సదయ్యది కాదని నువ్వు ఆ దిక్కే పోకపోతివి గదనే!"

"గిప్పుడు గూడ నాకు నమ్మకం లేదురా. ఆండ్ల ఎవ్వలున్నరో నాకెరుకలే. గని గీడు తమ్ముడనే నమ్మిండు. ఒక్కనాడు అనుమానపడలే నా కొడుకు. ఈడు నమ్మినోని పక్కనే ఈన్ని పండవెట్టుండ్రి." అంటూ చుట్టూ చూసింది. నేను కనిపించాను. "నువ్వు సార్ కాడ సదివిన పిల్లవు గద? నీకు అన్ని చెప్తుండెనట. మీ సార్‌కు ఎన్నడన్న అనుమానమైందా బిడ్డా?"

ఒక్క 'లేదు' చాలు ఆ ముసలితల్లికి. అది నా నాలుక చివరిదాకా వచ్చింది. ఎవరికీ చెప్పకని సార్ చెప్పిన మాటా గుర్తుంది. కానీ ఆ కళ్లు నన్ను అడుగుతున్నాయి, కొడుకు ముఖం మీద చెయ్యి అట్లాగే ఉంది. ఒకసారి ఈ తల్లిని చూడనివ్వకుండా చదువుకున్నవాళ్లు నిర్ణయం చేశారు. రెండోసారి ఆ పని నా వల్ల కాలేదు.

"అయ్యిందవ్వా" అన్నాను. "సార్‌కు గూడ నమ్మకం పోయింది. చాన ఏండ్లాయె. నీకు చెప్తే నువ్వు ఆగమైతవని చెప్పలే."

 రాజవ్వ కొడుకు ముఖం మీదికి వంగి, గుండెలు బాదుకుంటూ ఏడ్చింది. "గిన్నేండ్లు ఒక్కనివే మోసినవా కొడుకా! నాతోని అనకపోతివి. ఇద్దరం కూసోని ఏడ్సేటోళ్లం గదరా!" అక్కడున్న ఆడవాళ్లందరూ ఒక్కసారి గొల్లుమన్నారు. స్వరూపక్క నా భుజం పట్టుకుని నిలబడింది.

ఏడుపు తగ్గాక మేనమామ మళ్లీ అడిగాడు, ఎక్కడ తొవ్వాలని. "ఆన్నే తొవ్వుండ్రి. ఎవ్వల కొడుకైతేంది, ఈనికి తోడుంటడు" అన్నది. సార్‌ను అక్కడే మట్టి చేశాం. ఆ సమాధి దగ్గరికి ఆమె రావడం అదే మొదటిసారి అని నా వెనక ఎవరో అన్నారు.

నేను బయలుదేరే ముందు చెప్పిపోదామని ఆమె దగ్గరికి వెళ్లి, "పోయస్త అవ్వా" అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది, వదలలేదు.

"మరి నా సదయ్య ఏడున్నడు బిడ్డా?" అని అడిగింది.

 "ఎరుకలేదవ్వా" అన్నాను. ఆమె తల ఊపి, నా చెయ్యి వదిలేసింది.

గురుదేవా, మీకు శిరసు వంచి నమస్కరిస్తున్నాను. జ్ఞానమంటే ఏమిటో, నమ్మకమంటే ఏమిటో చెప్పగలిగేవాళ్లు లోకంలో ఇంకా ఉంటారు, వాళ్ల పుస్తకాలు మా లైబ్రరీలో ఉంటాయి. మీరు చెప్పవద్దన్నది నేను చెప్పాను. మీరు భయపడిన ప్రశ్న ఇప్పుడు ఆ తల్లి అడుగుతోంది, మీరు లేరు. నేను చేసింది న్యాయమో కాదో ఎవరినైనా అడుగుదామంటే, అడగవలసిన మనిషివి నువ్వొక్కడివే సార్.